అరవై దాటాక ఎత్తైన ట్రెక్‌లు: ఇవాక్యుయేషన్ కవర్‌లో ముందుగా ఏం చూడాలి?

మీకు 68, మీ ఆవిడకు 64, ఇద్దరూ బీపీ మాత్రలు వేసుకుంటున్నారు, ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి ఏ పాలసీ తీసుకోవాలని అడిగారు. నేనూ మావారూ కూడా ఇంచుమించు మీ వయసు వాళ్లమే. ఒకసారి మా బృందంలోని ఒక పెద్దాయనను హెలికాప్టర్‌లో కిందికి తీసుకురావాల్సి వచ్చింది. ఆ రోజు ఇన్సూరెన్స్ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడింది నేనే.

ఫలానా కంపెనీ అని చెప్పలేను. నాకు సరిపోయింది మీ వయసుకూ మీ మందులకూ సరిపోవాలని లేదు. కానీ ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఇవాక్యుయేషన్‌కి, అంటే జబ్బుపడ్డ మనిషిని కొండ మీద నుంచి ఆస్పత్రికి చేర్చడానికి, ఎంత మొత్తం ఇస్తారన్నది చివర చూడండి. ఆ డబ్బు ఏ షరతుల మీద ఇస్తారు, ఎవరు సరేనంటే ఇస్తారు అన్నది ముందు చూడండి.

మొదట ఎత్తు. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు ట్రెక్కింగ్‌ని 3,000 మీటర్ల దగ్గరో, 4,000 దగ్గరో, 4,500 దగ్గరో ఆపేస్తాయి. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు. నేపాల్‌లోనే అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్‌లో థోరాంగ్ లా కనుమ 5,416, ఆఫ్రికాలోని కిలిమంజారో శిఖరం 5,895. అందుకని 6,000 మీటర్ల వరకు అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. రాత్రి బస చేసే ఊరి ఎత్తు కాదు, దారి మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన చోటు లెక్కలోకి వస్తుంది. తాళ్లు, క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్లు), గైడ్ అవసరమైన పర్వతారోహణకు కవర్ లేదని కొన్ని పాలసీల్లో రాసి ఉంటుంది. గైడ్‌తో వెళ్లే మామూలు ట్రెక్ అందులోకి వస్తుందో రాదో అడిగి తేల్చుకోండి.

వయసు సంగతి. కొన్ని 65కే ఆపేస్తాయి, కొన్ని 70కి, కొన్ని 75కి. పాలసీ కొన్న రోజు వయసా, బయల్దేరే రోజు వయసా అని చూడాలి. మధ్యలో పుట్టినరోజు వస్తే ఆ తేడా పెద్దదే. కొన్ని కంపెనీలు పెద్దవాళ్లకు పాలసీ ఇస్తాయి గానీ, ట్రెక్కింగ్ యాడ్-ఆన్ (అదనంగా చేర్చుకునే కవర్) తీసేస్తాయి, లేదా ఇచ్చే డబ్బు తగ్గించేస్తాయి. మీ ఇద్దరికీ ఒకే పాలసీ కుదరకపోతే విడివిడిగా తీసుకోండి, అందులో తప్పేమీ లేదు.

ఇక అసలు చిక్కంతా ముందునుంచీ ఉన్న జబ్బుల దగ్గరే. బీపీ ఉండటం కంటే, బీపీ మందు ఈ మధ్య మారిందా అన్నదే వాళ్లు ఎక్కువగా చూస్తారు. పాలసీని బట్టి 60, 90 లేదా 180 రోజులుగా ఆరోగ్యం నిలకడగా ఉండాలంటారు. డోసు పెంచినా, తగ్గించినా, కొత్త మాత్ర మొదలుపెట్టినా ఆ లెక్క తప్పుతుంది. డాక్టర్ రాసిన పరీక్ష ఇంకా చేయించుకోకపోయినా, రిపోర్టు రాకపోయినా అంతే. అందుకే మా ఇంట్లో చెకప్‌లన్నీ ట్రెక్‌కి చాలా నెలల ముందే చేయించుకుంటాం. మార్చాల్సిన మందులేవైనా ఉంటే అప్పుడే మారిపోతాయి. పాలసీ చెడిపోతుందని డాక్టర్ మార్చమన్న మందును మాత్రం ఎప్పుడూ వాయిదా వేయకండి. మార్చాక వెంటనే కంపెనీకి చెప్పండి, అవసరమైతే ప్రయాణాన్నే వాయిదా వేసుకోండి.

ఏదీ దాచొద్దు. ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరినా ఆయాసమే, గుండె జబ్బు వల్లా ఆయాసమే. పైన ఉన్నప్పుడు ఏది ఏదో తేల్చడం కష్టం. చెప్పని జబ్బు తర్వాత బయటపడితే, అసలు కారణం ఎత్తే అయినా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ఆ పెద్దాయన విషయం చెప్తాను. సాయంత్రానికి కూర్చున్నా ఆయాసం, తడి దగ్గు. గైడ్ వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసి మారు మాట్లాడకుండా ఆక్సిజన్ పెట్టాడు. ఇన్సూరెన్స్ కంపెనీ అత్యవసర సహాయ కేంద్రానికి (అసిస్టెన్స్ సెంటర్) ఫోన్ కలిపితే వాళ్లు వరసగా అడిగినవి: పాలసీ నంబరు, పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు, ఎక్కడున్నాం, ఎంత ఎత్తు, ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది, రోజూ వేసుకునే మందులు, వాటి డోసులు. ఆయన భార్య చేతులు వణుకుతున్నాయి. కానీ ఆయన జాకెట్ జేబులో ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం ఉంది, అన్నీ ఆమె చేత్తోనే రాసిపెట్టినవి. దాన్ని చూసి చదివేశాను. గైడ్‌తో కూడా మాట్లాడాక కంపెనీ ఒప్పుకుంది. బిల్లు తామే కడతామని హెలికాప్టర్ వాళ్లకు హామీ పంపింది. అయినా ఆ రాత్రి హెలికాప్టర్ రాదు, చీకటి, పైగా మబ్బు. అందుకే ఆక్సిజన్ మీదే ఆయన్ని మోసుకుంటూ కింది లాడ్జికి చేర్చారు. తెల్లవారి మబ్బు విడిచాక హెలికాప్టర్ దిగింది. ఎంత మంచి పాలసీ ఉన్నా, ఎత్తు జబ్బుకి మొదటి వైద్యం కిందికి దిగడమే. హెలికాప్టర్ కోసం ఎదురుచూస్తూ పైనే ఉండిపోకండి.

ఆ ముందస్తు అనుమతి చాలా ముఖ్యం. 2018లో నేపాల్‌లో, అవసరం లేకపోయినా ట్రెక్కర్లను హెలికాప్టర్ ఎక్కించి ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి డబ్బు గుంజిన మోసాలు బయటపడ్డాయి, అక్కడి ప్రభుత్వమే విచారణ జరిపించింది. అలాంటివి చూసిన కంపెనీలు తమకు చెప్పకుండా పిలిపించిన హెలికాప్టర్‌కి డబ్బు కట్టకపోవచ్చు. కొంచెం తలనొప్పి అనగానే 'హెలికాప్టర్ పిలుద్దాం' అని ఎవరైనా తొందరపెడితే, ముందు మీరే అసిస్టెన్స్ నంబరుకి ఫోన్ చేయండి. స్పృహ లేనంత ప్రమాదంలో ఉంటే ప్రాణమే ముందు, ఫోన్ తర్వాత. అప్పుడు ఎంతలోగా తెలియజేయాలో కూడా పాలసీలో ఉంటుంది, చూసుకోండి.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోరు. తప్పిపోయిన మనిషిని వెతకడం, దొరికిన రోగిని ఆస్పత్రికి చేర్చడం, అక్కణ్నుంచి స్వదేశానికి పంపడం, ఈ మూడూ వేర్వేరు కవర్లు. ఇవాక్యుయేషన్ అని రాసి ఉన్నంత మాత్రాన వెతకడం అందులో ఉండదు. తీసుకెళ్లేది కూడా సాధారణంగా దగ్గర్లో తగిన వైద్యం దొరికే ఆస్పత్రికే, మీరు కోరుకున్న చోటికి కాదు. మీ ఆవిడకు హెలికాప్టర్‌లో చోటు దొరక్కపోతే ఆమె కిందికి వచ్చే ఖర్చు ఎవరిది అని కూడా అడగండి. రెస్క్యూ సంస్థల మెంబర్‌షిప్‌లు మంచివే గానీ, వాటిలో చాలావరకు ఆస్పత్రి బిల్లు కట్టవు. ఇన్సూరెన్స్‌కి తోడుగా అయితే సరే.

కొనే ముందు ఒక ఈమెయిల్ పెట్టండి. ట్రెక్ పేరు, అత్యంత ఎత్తైన చోటు మీటర్లలో, ఇద్దరి పుట్టిన తేదీలు, మందుల పేర్లు రాసి, కవర్ ఉందా, ఉంటే ఏ క్లాజు కింద అని అడగండి. ఫోన్‌లో 'అన్నీ కవర్ అవుతాయండీ' అన్న మాట క్లెయిమ్ రోజున పనికిరాదు. రాతపూర్వకంగా జవాబివ్వని కంపెనీని నేనైతే వదిలేస్తాను.

మీ ఇద్దరిలో ఎవరికైనా గత ఆరు నెలల్లో మందు మారిందా, ఎప్పుడు బయల్దేరుతున్నారు అన్నది రాయండి. ఆ రోజుల లెక్క ఎలా చూసుకోవాలో వివరంగా చెప్తాను.