బాప్తిస్మం తర్వాత కూడా పాత తప్పు గుచ్చుతుంటే

బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయినా పాత తప్పు మనసులోంచి పోవట్లేదు, మళ్లీ తీసుకోవాలా అని అడిగారు. వద్దండి. ఒకప్పుడు నేనూ మా పాస్టర్ గారిని ఇదే అడిగాను.

మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో అవసరానికి నాలుగు సవర మాటలు. కుర్రతనంలో మావయ్య చింతపండు వ్యాపారంలో కాటా నా చేతిలో ఉండేది. కొండ దిగొచ్చే సవరవాళ్ల దగ్గర కొనేవాళ్లం. మా కిలో గుండు అడుగున సీసం ఎక్కువ పోసి ఉండేది. కిలోకి ఓ 50 గ్రాములు ఉత్తినే వచ్చేవి. అందరూ చేసేదేలే అనుకునేవాణ్ణి. ఒక ముసలామె మాత్రం ప్రతిసారీ గంపని చేత్తో ఎత్తి చూసుకుని, కాటా వైపు చూసి, ఏమీ అనకుండా డబ్బులు కొంగున కట్టుకునేది.

తర్వాత వంశధారలో బాప్తిస్మం. నీళ్లలోంచి లేచాక నిజంగానే తేలికైంది. రెండు ఆదివారాలు. మూడో వారం సంతకి వెళ్తే అదే గుండు, అదే ముసలామె.

పాస్టర్ గారు బైబిల్లో యోహాను సువార్త 13 తీశారు. యేసుని తన కాళ్లు కడగనివ్వనని మొరాయించిన శిష్యుడు పేతురు, తర్వాత చేతులూ తలా కూడా కడగమంటాడు. స్నానం చేసినవాడికి కాళ్లు కడుక్కుంటే చాలంటాడు యేసు. "సంత నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటావా, మళ్లీ ఏట్లో మునుగుతావా?" అన్నారు. బాప్తిస్మం ఒక్కసారే, ఒప్పుకోలు రోజూ. అంతవరకూ బాగానే ఉంది. ఆపైన, "ఇంతకీ ఆ గుండు ఏం చేశావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతల్లో చిన్నప్పుడే కంఠస్థం చేసినవాణ్ణి మరి!

నేను రెండు విషయాలు కలిపేసుకున్నాను. దేవుని ముందు దోషం పోవడం క్రీస్తు చేసిన పని. నా బాధ ఎంత పెద్దదన్న దాని మీద అది ఆధారపడదు. యేసుని పట్టించిన యూదా కూడా బాధపడ్డాడు, 30 వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు, కానీ క్రీస్తు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. అలాగని ప్రతి బాధా సాతాను పెట్టేదని దులిపేసుకోవడమూ సరికాదు. నాది ఇంకా నడుస్తున్న దొంగతనం. లూకా 19లో యేసు మొదట పన్నులు వసూలుచేసే జక్కయ్య ఇంటికి వచ్చాడు, ఆ తర్వాతే నాలుగింతలు ఇస్తానన్న మాట వచ్చింది. అంటే తిరిగివ్వడం క్షమాపణకి ధర కాదు. క్షమాపణ ఇంట్లోకి వచ్చాక ఊరుకోలేక చేసే పని.

గుండు మార్చాను. మావయ్య ఆరు నెలలు మాట్లాడలేదు. దొరికినవాళ్లకి తూకంలో ఎక్కువ కట్టి ఇచ్చాను. ఆ ముసలామె మళ్లీ సంతకి రాలేదు. ఆమె బాకీ ఇప్పటికీ ప్రార్థనలో ఒప్పుకుంటాను, కాళ్లు కడుక్కున్నట్టే.

మీ తప్పు ఎవరి విషయంలో జరిగిందో రాయలేదు. ఆ మనిషి ఇంకా దొరికే చోట ఉంటే, పాస్టర్ గారికంటే ముందు అక్కడికి వెళ్లండి.