ఒంట్లో కొవ్వు లేని షుగరుకు హార్మోను ఇంజెక్షను

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. పసితనం నుంచీ ఎంత తిన్నా ఒళ్లు చేయదు, ఆకలి తీరదు. చేతుల మీద నరాలు తేలి కనిపిస్తాయి. మెడ చుట్టూ నల్లబడింది. షుగరు బయటపడ్డాక ఇన్సులిన్ మోతాదు ఎంత పెంచినా అదుపులోకి రావడం లేదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 1,400 దాటింది. బలం పడుతుందని మా అత్తగారు నెయ్యి పోసి పెడుతున్నారు. మాది మేనరికం. ఇలాంటి షుగరుకు హార్మోను ఇంజెక్షను ఉందంటున్నారు, నిజమేనా?
- ఒక తల్లి, కందుకూరు

జవాబు: ముందుగా ఆ నెయ్యి ఆపించండి. పెద్దావిడ ప్రేమను తప్పుపట్టలేము గానీ, మీ అమ్మాయి సన్నగా ఉండడానికి కారణం తిండి చాలకపోవడం కాకపోవచ్చు. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే లిపోడిస్ట్రోఫీ అనే అరుదైన జబ్బును అనుమానించవలసి ఉంది. ఈ జబ్బులో చర్మం కింద కొవ్వును నిలవచేసే కణజాలం పూర్తిగా గానీ కొంతవరకు గానీ ఉండదు కాబట్టి, కొవ్వు కాలేయంలోనూ కండరాల్లోనూ పేరుకొని ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఈ స్థాయిలో ఉన్నప్పుడు క్లోమం వాచే ప్రమాదం కూడా ఉంది. తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు మొదలైతే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మీరు విన్నది నిజమే. ఆ మందు పేరు మెట్రెలెప్టిన్; ఇది లెప్టిన్‌కు ప్రయోగశాలలో తయారుచేసిన రూపం. కొవ్వు కణాలు తయారుచేసే లెప్టిన్ అనే హార్మోనును అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో గుర్తించింది. కడుపు నిండిందని మెదడుకు తెలియజేసేది ఇదే. కొవ్వు లేనివారిలో ఇది బాగా తక్కువగా ఉండడం వల్లనే ఎంత తిన్నా ఆకలి తీరదు. 2002లో వెలువడిన అధ్యయనంలో ఈ జబ్బు ఉన్న 9 మంది స్త్రీలకు 4 నెలలు లెప్టిన్ ఇవ్వగా, మూడు నెలల షుగరు సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ సగటున 1.9 శాతం పాయింట్లు, ట్రైగ్లిజరైడ్లు 60 శాతం తగ్గాయి. ఆ తరువాత 2013లో జపాన్, 2014లో అమెరికా, 2018లో ఐరోపా ఈ మందుకు అనుమతి ఇచ్చాయి.

అయితే ఇది సన్నగా ఉన్న ప్రతి షుగరు రోగికీ ఇచ్చే మందు కాదు. రోజూ చర్మం కింద వేసుకోవాలి, ఖరీదు చాలా ఎక్కువ. కొందరిలో మందును ఎదిరించే యాంటీబాడీలు పుట్టాయి, కొందరిలో లింఫోమా అనే క్యాన్సరు కనిపించింది. అందువల్ల జబ్బు నిర్ధారణ అయ్యాకే దీని మాట. నెల్లూరులోనో ఒంగోలులోనో హార్మోన్ల వైద్యునికి (ఎండోక్రైనాలజిస్టు) చూపించి, అవసరమైతే వేలూరు సీఎంసీ వంటి పెద్ద ఆసుపత్రికి రాయించుకోండి. జన్యు పరీక్ష, కాలేయం స్కానింగు గురించి అడగండి. ఈలోగా ఇన్సులిన్ సొంతంగా మానవద్దు. నూనె, నెయ్యి, మీగడ, వేపుళ్లు బాగా తగ్గించండి.

పుట్టుకతో వచ్చే రకమే అయితే, లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ అందినప్పుడే సాధారణంగా జబ్బు బయటపడుతుంది, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కాబట్టి మీకు ఇంకా పిల్లలుంటే వారినీ అదే వైద్యునికి చూపించండి.