తంగేడు కొమ్మతో మొదలుపెట్టు

అనంతపురం,
ఆదివారం.

అమ్మీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. బెంగళూరు లాల్‌బాగ్ తోటలో జరిగే పూల అలంకరణ పోటీకి పేరు ఇవ్వాలని నీకు నువ్వే అనుకున్నావంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మీ అమ్మకి అప్పుడే ఫోన్ చేసి చెప్పాను. ముప్పై ఏళ్లుగా పోటీలకి పోతున్నా, మన ఇంట్లో ఇంకొకరికి ఈ ఆసక్తి పుట్టడం ఇదే మొదలు. అందుకే ఫోన్‌లో రెండు మాటలు చెప్పి ఊరుకోకుండా తీరిగ్గా రాస్తున్నా.

"బెంగళూరు నుంచి కార్నేషన్లు, జెర్బెరాలు, ఆర్కిడ్లు తెప్పించుకుంటా పెద్దమ్మా" అని రాశావు. వద్దమ్మా. లాల్‌బాగ్‌లో పోటీకి వచ్చే బెంగళూరు వాళ్లకి అవే పూలు తెల్లవారుజామున మార్కెట్లో తాజాగా దొరుకుతాయి. నువ్వు వాటిని ప్రొద్దుటూరుకి తెప్పించుకుని, మళ్లీ బెంగళూరుకి మోసుకుపోయేసరికి రెండు రోజుల పాతవి అవుతాయి. వాళ్ల పూలతో వాళ్ల మీదే గెలవాలని ఎందుకు చూడటం? మన దగ్గర వాళ్ల దగ్గర లేనివి ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టు. కొర్ర కంకి, సజ్జ కంకి, జొన్న కంకి, పగిలిన పత్తికాయ, కాయలతో సహా పీకి ఎండబెట్టిన వేరుశనగ చెట్టు, తెల్లటి తుమ్మ ముళ్లు, ఎండిన దిరిసెన కాయలు, గునుగు, కోడిజుట్టు, జిల్లేడు. కింద పెట్టడానికి నల్లటి కడప బండ ముక్క. ఇవన్నీ మీ ఇంటికి అరగంట దూరంలో దొరుకుతాయి.

అయితే వీటిలో ఏది తీసుకుపోవచ్చో చెప్పేది షెడ్యూల్. పోటీ నియమాలు రాసి ఇచ్చే కాగితాన్ని అలాగే అంటారు. పేరు ఇచ్చే ముందే దాన్ని మూడు సార్లు చదువు. నువ్వు దిగే తరగతి పేరు ఏమిటి, ఎత్తు వెడల్పులు ఎంతవరకు, తాజా పూలు మాత్రమేనా, ఎండువి కలపొచ్చా, రంగు వేసినవి ఒప్పుకుంటారా, గిన్నె మనదా వాళ్లదా, ఎన్ని గంటలకల్లా పెట్టేసి బయటికి రావాలి. ఒక్కో దాని కింద పెన్సిల్‌తో గీత పెట్టుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నా మొదటి పోటీలో నేను పోగొట్టుకున్నది దీని వల్లే. గులాబీల వెనక మూడు ఎండు జొన్న కంకులు నిలబెట్టాను. చూసిన వాళ్లంతా బాగుందన్నారు. నా తరగతి 'తాజా పూలు, తాజా ఆకులు' అని ఉంది. న్యాయనిర్ణేతలు నా దగ్గర ఒక్క నిమిషం నిలబడి, కార్డు మీద ఏదో రాసి ముందుకి పోయారు. నిబంధన తప్పినందువల్ల లెక్కలోకి తీసుకోలేదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను. కాగితం నా సంచిలోనే ఉంది, నేను చదవలేదు.

మార్కులు ఎలా వేస్తారో కూడా తెలుసుకో. ఒక్కోచోట ఒక్కో పద్ధతి. అమెరికాలో నేషనల్ గార్డెన్ క్లబ్స్ వాళ్ల పద్ధతిలో నూటికి 90 వస్తేనే మొదటి బహుమతి. ఎవరికీ అన్ని రాకపోతే ఆ తరగతిలో మొదటి బహుమతి ఇవ్వరు. అంటే పక్క టేబుల్ వాళ్లకన్నా బాగుంటే సరిపోదు. సమతూకం, కొలతల పొందిక, లయ, కన్ను మొదట ఎక్కడ పడుతుంది, చెప్పిన అంశానికి సరిపోయిందా, పనితనం ఎంత శుభ్రంగా ఉంది, ఇలా విడివిడిగా చూస్తారు. నువ్వు చేసినదానికి నువ్వే ఒకసారి మార్కులు వేసి చూసుకో, ఎక్కడ తగ్గిందో వెంటనే తెలిసిపోతుంది.

లాల్‌బాగ్‌లో ఏడాదికి రెండు షోలు, రిపబ్లిక్ డేకి ఒకటి, ఇండిపెండెన్స్ డేకి ఒకటి. ఇకెబానా అనే జపాన్ పూల అమరిక, ఎండు పూల అలంకరణ, కూరగాయల చెక్కడం, కొబ్బరాకుతో చేసే జానూర్ లాంటివి పోటీల్లో ఉంటూ వస్తున్నాయి. పోటీలో దిగే ముందు ఒక షోకి ఊరికే చూడటానికి పో. అందరూ గాజు మేడలో పూలతో కట్టిన పెద్ద పెద్ద రూపాల దగ్గర ఫోటోలు దిగుతారు. నువ్వు పోటీ బల్లల దగ్గరే సగం రోజు గడుపు. బహుమతి వచ్చినదాన్ని, రానిదాన్ని పక్కపక్కన పెట్టి చూడు.

ఇకెబానాతో మొదలుపెట్టమని నా సలహా. తక్కువ పూలు, తక్కువ ఖర్చు, తప్పు చేస్తే దాక్కోవడానికి చోటు ఉండదు, అందుకే తొందరగా నేర్పుతుంది. 1927లో మొదలైన సొగెట్సు పద్ధతిలో మూడు ముఖ్యమైన కొమ్మలు ఉంటాయి. గిన్నె వెడల్పు, లోతు కలిపి దానికి ఒకటిన్నర రెట్లు మొదటి కొమ్మ. మీ ఇంట్లో ఆ గుండ్రటి పింగాణీ పళ్లెం 30 సెంటీమీటర్లు ఉంటుంది, లోతు 5 అనుకుందాం. మొత్తం 35, కాబట్టి మొదటి కొమ్మ 52 దాకా. దానిలో ముప్పావు వంతు రెండోది, 39. దానిలో ముప్పావు వంతు మూడోది, 29. నిటారు గీత నుంచి మొదటిది 15 డిగ్రీలు వాలాలి, రెండోది 45, మూడోది 75. కొమ్మలు గుచ్చి నిలబెట్టే ముళ్ల దిమ్మ, అదే పిన్ హోల్డర్, బరువైనది కొను, తేలికది అయితే కొమ్మతో పాటు పడిపోతుంది. కొలతలు చేతికి వచ్చేదాకా వేపకొమ్మలతోనే ప్రాక్టీస్ చెయ్యి, డబ్బులు పోవు.

ఇక పువ్వు నిలవడం సంగతి. సగం మంది ఓడిపోయేది ఇక్కడే. పెట్టినప్పుడు అద్భుతంగా ఉంటుంది, జడ్జీలు వచ్చేసరికి తల వాలుస్తుంది.

పూలు ముందు రోజు సాయంత్రం చల్లబడ్డాక కొయ్యి, మధ్యాహ్నం ఎండలో కొయ్యొద్దు. తోటకి పోయేటప్పుడే నీళ్ల బకెట్ తీసుకుపో. ఆ బకెట్‌ని ముందే బ్లీచింగ్ పౌడర్‌తో కడిగి బాగా తొలిచి ఉండాలి, జిడ్డు ఉంటే ఆ పాచే కాడ నోరు మూసేస్తుంది. ఇంటికొచ్చాక కాడని నీళ్లలో ముంచి పెట్టి, నీళ్లలోపలే అంగుళం మేర ఏటవాలుగా మళ్లీ కోసెయ్యి. కోసిన క్షణంలో కాడ నీళ్లకు బదులు గాలి పీల్చిందంటే ఆ గాలి బుడగ అడ్డం పడి నీళ్లు పైకి ఎక్కవు, మెడ వాలిపోతుంది. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసెయ్యి. బంతి ఆకులైతే ఒక్క రాత్రికే కుళ్లి కంపు కొడతాయి. లీటరు నీళ్లకి ఒక చెంచా చక్కెర, రెండు చెంచాల నిమ్మరసం కలిపి, మెడదాకా ముంచి, రాత్రంతా చీకటి గదిలో ఉంచు. గులాబీ, చామంతి రెండింటికీ ఇదే.

ఆ గదిలో మామిడిపండ్లు, అరటిపండ్లు ఉండకూడదు. పండే పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, దానికి పూలు తొందరగా ముసలివైపోతాయి. మీ ఇంట్లో మామిడిపండ్లు మాగబెట్టే గది ఏదో మీ అమ్మని అడిగి దానికి దూరంగా పెట్టు.

లిల్లీ పూలకి, అదే నేల సంపెంగకి, ఇంకో గుణం ఉంది. అడ్డంగా పడుకోబెట్టి తీసుకుపోతే కొన మళ్లీ పైకి తిరుగుతుంది. బతికున్న కాడ కదా, ఆకాశం ఎటుందో దానికి తెలుసు. గ్లాడియోలస్‌దీ అదే తీరు. నేను ఒకసారి లిల్లీ కాడల్ని అట్టపెట్టెలో పడుకోబెట్టి రైల్లో తీసుకుపోయాను, దిగి చూస్తే అన్నీ కొక్కేల్లా వంగి ఉన్నాయి. నిలువుగానే తీసుకుపో. ఐదు లీటర్ల ఆయిల్ డబ్బా మూతి కోసి, అడుగున నీళ్లు పోసి, అందులో నిలబెట్టి, కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చో. మా ఊరి నుంచే బెంగళూరుకి రెండొందల కిలోమీటర్లు దాటుతుంది, మీకు ఇంకా ఎక్కువ. రాత్రి బస్సే మేలు.

జిల్లేడు వాడాలనుకుంటే జాగ్రత్త. ఆ పువ్వు మైనంతో చేసినట్టు ఎంత బాగుంటుందో, దాని పాలు అంత చెడ్డవి. కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. చేతికి తొడుగు వేసుకుని కొయ్యి, కోసిన చోటుని కొవ్వొత్తి మంటకి రెండు మూడు సెకన్లు చూపించు, పాలు ఆగుతాయి. ఆ చేత్తో మొహం తుడుచుకోవద్దు.

ఇప్పుడు బొమ్మ సంగతి. నీకు చిన్నప్పటి నుంచి చేయి తిరిగిందే కాబట్టి మొక్కల్ని ఉన్నదున్నట్టు గీసే బొటానికల్ ఆర్ట్‌లో పోటీకి పంపుతానన్నావు. మంచి ఆలోచన. కానీ అమ్మీ, నువ్వు ఇదివరకు వేసిన పూల బొమ్మలు వేరు, ఇది వేరు. అవి అందం కోసం వేశావు. ఇందులో ఆ మొక్కని ఎప్పుడూ చూడనివాళ్లు నీ బొమ్మ పట్టుకుని అడవిలో దాన్ని గుర్తుపట్టగలగాలి. తెల్లటి కాగితం, వెనక ఏ దృశ్యమూ ఉండదు, సాధ్యమైనంతవరకు అసలు పరిమాణంలోనే. వెలుతురు పైన ఎడమ వైపు నుంచి పడినట్టు వెయ్యడం ఆనవాయితీ. కాగితం నున్నటిది, చదరపు మీటరుకి 300 గ్రాములు తూగేది (300 జీఎస్ఎం) తీసుకో, గరుకుదాని మీద సన్నని వెంట్రుకల్లాంటివి రావు.

ఏ మొక్క వెయ్యాలి అంటే, తంగేడు వెయ్యి. తెలంగాణ వాళ్లు దాన్ని బతుకమ్మలో పేర్చుకుని, రాష్ట్ర పుష్పం చేసుకున్నారు. మన దగ్గర దారి పక్కన దుమ్ము కొట్టుకుని ఉంటుంది, ఎవరూ వంగి చూడరు. నువ్వు కూర్చుని చూడు. ఈనెకి రెండు వైపులా 8 నుంచి 12 జతల చిన్నాకులు ఉంటాయి. ప్రతి జతా ఈనెని కలిసే చోట, ఆవగింజకన్నా చిన్నగా, నిక్కబొడుచుకున్న ఒక గ్రంథి ఉంటుంది. భూతద్దం పెడితేనే సరిగ్గా కనిపిస్తుంది. ఆకు కాడ కొమ్మకి అతికిన చోట చెవి తమ్మెలాంటి వెడల్పు రేకులు రెండు. దాని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా, అందులో ఆరిక్యులా అంటే లాటిన్‌లో చిన్న చెవి. పువ్వుకి ఐదు రేకులు, పది కేసరాలు. పదీ ఒకేలా ఉండవు, పైన ఉన్న మూడూ చిన్నవి, వాటిలో పుప్పొడి ఉండదు. కింద ఉన్నవి పొడుగ్గా ముందుకి చాచుకుని ఉంటాయి. పదింటినీ ఒకేలా వేశావో, తెలిసిన జడ్జి అక్కడే ఆగిపోతాడు. కాయ కాగితంలా పలచగా, లోపలి గింజలు పైకి ఉబ్బెత్తుగా తెలిసేటట్టు ఉంటుంది. మొగ్గ, పువ్వు, కాయ మూడూ ఒకే బొమ్మలో రావాలి.

కొమ్మ కోసుకొచ్చి ఇంట్లో వేస్తానంటే కుదరదు, ఆకులు తొందరగా ముడుచుకుపోతాయి. చెట్టు దగ్గరే గొడుగు వేసుకుని కూర్చో. ముందు పువ్వు, తర్వాత ఆకు, ఆఖరికి కొమ్మ, కాయ. వాడిపోయేది ముందు. అక్కడే ఒక చిన్న కాగితం మీద రంగు చుక్కలు కలిపి పెట్టుకో, ఆ పసుపు ఇంటికొచ్చాక గుర్తుండదు.

ఈ పని మనవాళ్లకి కొత్త కాదని నీకు తెలియాలి. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రాంతంలో రాబర్ట్ వైట్ అనే స్కాట్లాండ్ డాక్టర్ దక్షిణాది మొక్కల మీద పెద్ద పని చేశాడు. వాటికి బొమ్మలు వేసింది రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులు. పేర్లు వింటేనే మన వీధిలో మనుషుల్ని పిలిచినట్టు ఉంటుంది. వైట్ ఆర్కిడ్లలో ఒక ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు. నేను ఆ బొమ్మల ప్రతులు చూసిన రోజు చాలాసేపు మాట రాలేదు. ఆ ఆకుల ఈనెలు చూడు, ఒక్కటి కూడా ఊహించి వేసింది కాదు.

కొన్ని షోలలో బొటానికల్ ఆర్ట్ అంటే బొమ్మలు మాత్రమే కాదు, గింజలు, ఆకులు, బెరడులతో చేసే నగలు, టోపీలు, పెట్టెలు కూడా వస్తాయి. నువ్వు గురివింద గింజలతో హారం చేస్తానని రాసింది చదివి నాకు భయం వేసింది. గురివిందకి రంధ్రం చెయ్యకు. పై తొక్క గట్టిగా ఉన్నంతవరకే అది క్షేమం, లోపల ఉన్న ఆబ్రిన్ ప్రాణం తీసే విషం. చింతపిక్కలు నానబెట్టి రంధ్రం చెయ్యి, నూనె గుడ్డతో రుద్దితే ఏ రత్నానికీ తీసిపోవు. అలాగే ఎర్రచందనం చెక్క, బెరడు, కాయ ఏదీ ముట్టుకోవద్దు, ఎవరు ఊరికే ఇచ్చినా సరే. శేషాచలం, పాలకొండల్లో నుంచి అడవి మొక్కలు పీకి తేవద్దు. అక్కడ తప్ప ఎక్కడా సహజంగా పెరగనివి ఉన్నాయి, బెడ్డోమ్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త పేరు మీద ఉన్న సైకస్ మొక్క లాంటివి. బొమ్మ వెయ్యాలంటే అక్కడికే పోయి, దాన్ని అక్కడే వదిలి రా.

పోటీ రోజు సంచిలో ఇవి పెట్టుకో: రెండు కత్తెరలు, సన్న తీగ, తడి గుడ్డ, పొడి గుడ్డ, స్ప్రే సీసా, కొలత టేపు, ప్రతి పువ్వుకీ రెండు అదనంగా. పెట్టాక పక్కకి పోయి కూర్చుని నీ పనిని కింద నుంచి, ఎడమ నుంచి, కుడి నుంచి చూడు. గిన్నె అంచు మీద నీటి చుక్క, రాలిన పుప్పొడి, కనబడుతున్న తీగ, ఇవే మార్కులు తినేవి. టైమ్ అయిందని చెప్పాక ముట్టుకోవద్దు. పక్క వాళ్లది చూసి టెన్షన్ పడి ఆఖరి నిమిషంలో ఇంకో పువ్వు గుచ్చొద్దు. నేను చూసిన చాలామంది ఆ ఒక్క పువ్వుతోనే పాడు చేసుకున్నారు.

జడ్జీలు కార్డు మీద ఏదైనా రాస్తే, నచ్చకపోయినా ఫోటో తీసుకుని నాకు పంపు. ఇద్దరం కూర్చుని చదువుదాం.

షెడ్యూల్ రాగానే ముందు నాకు ఒక కాపీ పంపు, నా పెన్సిల్ గీతలు కూడా పెట్టి ఇస్తా. కడప బండ ముక్క ఒకటి అడుగు పొడుగు, ముప్పావు అడుగు వెడల్పుతో కోయించి, అంచులు నున్నగా రుద్దించి ఉంచాను. పెన్నలో నుంచి తెచ్చిన సన్న ఇసుక కడిగి ఎండబెట్టాను, కోడిజుట్టు పూలు అందులో పూడ్చి ఆరబెట్టుకోవచ్చు. వచ్చే శనివారం పొద్దున బస్సుకి వచ్చెయ్యి, స్టాండు దగ్గర ఉంటా. బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద తంగేడు ఇప్పుడు బాగా పూసి ఉంది.

నీ
పెద్దమ్మ