వాష్ పొడిగా రాలుతోంది, గ్లేజు ముడుచుకుంటోంది: మట్టిపాత్రల మీద ఆక్సైడ్ రంగుల గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకురాలు): అక్కా, ఇంట్లో చిన్న ఎలక్ట్రిక్ బట్టీ పెట్టుకుని కప్పులు, పూలకుండీలు చేస్తున్నా. పచ్చి మట్టి మీద ముగ్గు డిజైన్లు గీకి, బిస్క్ (గ్లేజు లేకుండా మొదటి కాల్పు) కాల్చాక ఆ గీతల్లో రెడ్ ఐరన్ ఆక్సైడ్ నీళ్ళల్లో కలిపి వాష్‌గా పూసి, పైన ట్రాన్స్‌పరెంట్ గ్లేజు (కాలితే గాజులా కరిగే పూత) వేసి 1040 డిగ్రీల్లో కాలుస్తున్నా. గ్లేజు వెయ్యని చోట ముట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుతోంది, వేసిన చోటేమో గ్లేజు ముడుచుకుపోయి మట్టి కనపడతా ఉంది. గచ్చుకి వేసే రెడ్ ఆక్సైడ్ షాపులో కొన్నా, తప్పు దానిదేనా?

జవాబు: చెల్లీ, రెండిటికీ కారణం ఒకటే. ఐరన్ ఆక్సైడ్ ఆ వేడికి తనంతట తాను కరగదు, పొడి పొడిగానే మిగిలిపోతుంది, అందుకే చేతికి అంటుతోంది. ఆ పొడి మందంగా ఉన్న చోట గ్లేజు పోస్తే దానికి కింద మట్టి పట్టు దొరకదు, వేడెక్కేటప్పుడు పొడితో పాటే లేచి పక్కకి ముడుచుకుంటుంది. కరిగి అతుక్కునేదేదో వాష్‌లోనే కలపాలి. ఒక స్పూను ఆక్సైడ్‌కి ఒక స్పూను సీసం లేని ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) వేసి నీళ్ళతో పల్చటి మజ్జిగ లాగా కలుపు, ఫ్రిట్ దొరక్కపోతే నీ ట్రాన్స్‌పరెంట్ గ్లేజే కొంచెం పోసినా సరిపోతుంది. నానబెట్టిన తుమ్మ జిగురు రెండు చుక్కలు వేస్తే గ్లేజు ముంచేటప్పుడు రంగు చెదరదు. ఆక్సైడ్ బరువు కాబట్టి గిన్నె అడుక్కి దిగిపోతా ఉంటుంది, కుంచె ముంచిన ప్రతిసారీ కలపాల్సిందే, లేకపోతే మొదటి కప్పు లేతగా, చివరి కప్పు నల్లగా వస్తాయి.

పూసిన తర్వాత తడి స్పాంజితో తుడిచెయ్యి, గట్టిగానే తుడువు, స్పాంజి మాటిమాటికీ కడుగు. పైన ఉన్నదంతా పోయి గీతల్లో మాత్రమే రంగు నిలబడాలి, నీ ముగ్గుకి అందం వచ్చేది అక్కడే. ఓపికుంటే గ్లేజు వేసే ముందు ఇంకోసారి 900 దాకా కాల్చుకో, ఫ్రిట్ కలిసిన రంగు మట్టికి పట్టుకుని గ్లేజుతో పేచీ పెట్టదు. 1200 దాటిన స్టోన్‌వేర్ (రాయిలా గట్టిగా కాలే పాత్రలు) కాల్పుల్లో అయితే ఐరన్ చాలావరకు మట్టితోనే అతుక్కుంటుంది, నీ వేడికి మాత్రం ఫ్రిట్ తప్పదు.

గచ్చు పొడి సంగతి... కొన్నిట్లో సుద్ద, ఇంకేవో పిండ్లు కలిపి ఉంటాయి, ఒక ప్యాకెట్‌కి వచ్చిన రంగు ఇంకో ప్యాకెట్‌కి రాకపోవచ్చు. అదే వరసలో అమ్మే ఆకుపచ్చ, నీలం పొడులైతే అసలు కొనొద్దు, కొన్ని బట్టీలో కాలి మాయమైపోయే రకాలు. సిరామిక్ సామాన్లమ్మే వాళ్ళ దగ్గర పావుకిలో ఐరన్ కొన్నా నీకు చాలా కాలం వస్తుంది.

ఇంకొకటి, దీన్ని బాగా మనసులో పెట్టుకో. వాష్ రంగు డబ్బాలో ఉండదు, పైన వేసే గ్లేజే దాన్ని తేలుస్తుంది. అదే ఐరన్ ట్రాన్స్‌పరెంట్ కింద పల్చగా ఉంటే తేనె రంగు, మందంగా ఉంటే నలుపు, సున్నం ఎక్కువున్న గ్లేజు కింద పసుపులోకి వెలిసిపోతుంది. క్రోమ్ పచ్చగానే వస్తుంది కదా అనుకుంటాం, జింక్ ఉన్న గ్లేజు తగిలితే గోధుమరంగు, తగరం ఉన్న తెల్ల గ్లేజు పక్కన ఉంటే గులాబీ. అందుకని నీ మట్టితోనే చిన్న బిళ్ళలు చేసి, ప్రతి వాష్‌నీ ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పూసి, సగం మీద గ్లేజు వేసి, కాల్చి, వెనక వివరం రాసి పెట్టుకో. కప్పులు ఆ తర్వాతే.

ప్రశ్న (ఒంగోలు): మేడమ్, కోబాల్ట్‌తో నీలం పూలు వేస్తే నల్లగా, మెటల్ లాగా వస్తున్నాయి. మాది ఎర్ర చెరువు మట్టి.

జవాబు: కోబాల్ట్ చాలా ఘాటు తమ్ముడూ, గ్లేజులో నూటికి ఒక పాలు కలిపితేనే ముదురు నీలం వస్తుంది. 15వ శతాబ్దం నాటి చైనా నీలం-తెలుపు పింగాణీ చూడు, కుంచె ఆగి రంగు పేరుకున్న చోట నల్ల మచ్చలు ఉంటాయి, నీకూ అదే జరుగుతోంది. చిటికెడు కోబాల్ట్ కార్బొనేట్‌కి పది రెట్లు ఫ్రిట్, చైనా క్లే (పింగాణీకి వాడే తెల్ల మట్టి) కలిపి ఘాటు తగ్గించు, సన్న జల్లెడ పట్టు, లేకపోతే చుక్కలు చుక్కలుగా పడుద్ది. ఇక నీ మట్టిలో ఉన్న ఇనుము నీలాన్ని మింగేస్తుంది. జైపూర్ నీలం అంత మెరవడానికి ఒక కారణం దాని ఒళ్ళు తెల్లటి క్వార్ట్జ్ పొడితో చేసింది కావడం. నువ్వు ముందు తెల్ల మట్టి పూత వేసుకో, లేదా తెల్ల గ్లేజు వేసి అది ఆరాక కాల్చకుండానే దాని మీద బొమ్మ వెయ్యి, ఇటలీలో మజోలికా అనే రంగుబొమ్మల పాత్రలు చేసేవాళ్ళు చేసింది ఇదే. అక్కడ మాత్రం తుడవడం కుదరదు, గ్లేజు పొడి రంగుని వెంటనే పీల్చేస్తుంది, ఒక్క కుంచెలో తేలిపోవాలి.

ప్రశ్న (నెల్లూరు): చేపల పులుసు చట్టి లోపల కాపర్ ఆక్సైడ్ పచ్చ వెయ్యొచ్చా? ఊరగాయ జాడీకి?

జవాబు: రెండిటికీ వద్దమ్మా. చింతపండు, నిమ్మరసం, మామిడికాయ ఇవన్నీ పులుపు, సరిగ్గా కుదరని గ్లేజులోంచి రాగిని లాగేస్తాయి, సీసం గ్లేజైతే రాగి కలిసిన కొద్దీ సీసం ఇంకా ఎక్కువ బయటికొస్తుంది, ఇంట్లో పిల్లలు తినేది కదా. ఒక రాత్రి వెనిగర్ పోసి ఉంచి రంగు మారితే ఆ పాత్ర తిండికి పనికిరాదని తేల్చుకోవచ్చు, మారకపోయినంత మాత్రాన మంచిదని కాదు, నమ్మకం కావాలంటే ల్యాబ్‌లోనే చూపించాలి. జాడీకి లోపల రంగు లేని, సీసం లేని మంచి గ్లేజు వేసుకుని ఆక్సైడ్ బయట వైపే ఉంచండి. పొయ్యి మీద పెట్టే చట్టికి అసలు గ్లేజే వద్దు, మంట తగిలితే పగిలే ప్రమాదం ఎక్కువ, మామూలు మట్టి చట్టే మేలు.

మాంగనీస్, క్రోమ్, కాపర్ పొడులు కలిపేటప్పుడు అందరూ మాస్కు, గ్లౌజులు వేసుకోండి, చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి, బట్టీ నడిచేటప్పుడు ఆ గదిలో ఉండొద్దు. ఈ విషయంలో నేను ఎవ్వరికీ మినహాయింపు ఇవ్వను.

ప్రశ్న (కందుకూరు దగ్గర కుమ్మరి కుటుంబం): మా నాయన ఆవంలో ఈ గ్లేజు పని చెయ్యొచ్చా?

జవాబు: గ్లేజు కుదరదన్నా. కట్టెలు, పిడకలు పేర్చే ఆవం మామూలుగా 700 నుంచి 900 మధ్యే, అదీ ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ, పైగా బూడిద పడుద్ది, కుండలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి గ్లేజు కరిగిందంటే అన్నీ అతుక్కుపోతాయి. కానీ ఐరన్ మీకు కొత్తేం కాదు, ఆరిన కుండకి జేగురు పూసి గులకరాయితో రుద్ది కాలుస్తారే, అది గ్లేజు అక్కర్లేని ఐరన్ పూతే. గాలి బాగా ఆడితే ఎర్రగా, చివర్లో ఊక వేసి గాలి మూసేస్తే నల్లగా, ఆ విద్య మీ నాయనకి తెలిసినంత నాకు తెలియదు. గ్లేజు సరుకు కూడా చెయ్యాలనుకుంటే మొదటి కాల్పు ఆవంలోనే కానివ్వండి, తట్టి చూసి ఖంగుమన్నవి మాత్రమే ఏరి, ఎలక్ట్రిక్ బట్టీ ఉన్నవాళ్ళతో మాట్లాడుకుని రెండో కాల్పు అక్కడ వేయించండి. సరిగా కాలనివి గ్లేజుని మరీ ఎక్కువ పీల్చుకుంటాయి, వాటిని మళ్ళీ ఆవంలో పెట్టండి.