మిద్దె మీదినుంచి ఊరు: ఒక యువ రచయిత్రికి లేఖ

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. బెంగళూరు హాస్టలు గదిలో కూర్చొని, నిద్ర పట్టని ఒక రాత్రి ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచి, పోరుమామిళ్ల పక్కనున్న మీ ఊరినీ, ఊళ్లో మీ ఇంటినీ వెతుక్కున్న సంగతి రాశావు. రాయదగిన విషయమే. కానీ మొదటి మూడు పేజీలూ తీసేయమని చెప్పక తప్పదు. ఇల్లు అగ్గిపెట్టెంత కనిపించిందనీ, ఊరంతా నిర్మానుష్యంగా ఉందనీ, అంత ఎత్తునుంచి చూస్తే మన తగాదాలన్నీ ఎంత అల్పమో అనిపించిందనీ ఆ పేజీల్లో రాశావు. ఆ మాటలు ఏ ఊరి చిత్రం చూసి ఎవరైనా రాయగలరు. మీ ఊరి సంగతి వాటిలో ఒక్క ముక్క కూడా లేదు. నాలుగో పేజీలో మాత్రం ఒక వాక్యం దొరికింది. మీ ఇంటి వెనక సందు తిన్నగా పోకుండా కొడవలిలా వంగి ఉందనీ, ఇరవై ఏళ్లు ఆ సందులోనే తిరిగినా ఆ వంపు నీకు ఎన్నడూ తెలియలేదనీ రాశావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసం రాస్తున్నాను.

సందు ఊరికే వంగదు, తల్లీ. అక్కడ ఒకప్పుడు పూడిపోయిన బావి ఉండవచ్చు, ఎవరో కొట్టడానికి ఒప్పుకోని చింతమాను ఉండవచ్చు, అన్నదమ్ముల భాగాల్లో కదలనన్న గోడ ఉండవచ్చు. మన సీమలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది వంక. వానాకాలంలో నాలుగు రోజులు పారి మిగిలిన ఏడాదంతా ఎండి ఉండే వంక గట్టునే మనుషులు నడుస్తారు, ఆ నడకే దారి అవుతుంది, దారి పక్కన ఇళ్లు లేస్తాయి, కొన్నాళ్లకు వంక పూడిపోయి దాని వంపు మాత్రం సందులో మిగిలిపోతుంది. మీ సందు విషయంలో అసలు కారణం ఇదేనని నేను చెప్పలేను. అది నువ్వు కనుక్కోవలసిన పని, నీ వ్యాసం మొదలు కావలసింది కూడా అక్కడినుంచే.

పైనుంచి చూడడం మనకు ఉపగ్రహాలతో వచ్చిన విద్య కాదు. మీ పోరుమామిళ్ల చెరువు శాసనమే అందుకు సాక్ష్యం. 1369లో, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించినప్పుడు వేయించిన సంస్కృత శాసనం అది. వెయ్యిమంది కూలీలూ నూరు బండ్లూ రెండేళ్లు పనిచేసినట్టు అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ కూడా చెక్కించారు. కట్ట రెండు కొసలూ కొండలకు ఆనాలి, దూరంనుంచి తీపినీటి ఏరు రావాలి, కింద పారుదల నేల చదునుగా ఉండాలి, దగ్గరలోనే పొడవాటి రాళ్లు దొరికే గని ఉండాలి. చెరువు నడుమ తాబేటి వీపులాంటి మిట్ట ఉంటే అది దోషం. రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు ఉన్నా దోషమే. ఈ మాటలు చదివి ఫోనులో ఆ చెరువును చూడు. కొండలెక్కడ, కట్టెక్కడ, ఆయకట్టు ఏ వైపున పచ్చగా పరుచుకుందో చూడు. నేల మొత్తాన్ని మనసులో ఒక్కసారిగా పరిచి చూడగలిగినవాడే ఆ 18 మాటలు చెప్పగలడు. ఆ చూపు నీకు ఫోను ఇవ్వదు. అది ఇచ్చేది బొమ్మ మాత్రమే.

నాకు ఆ చూపు కొద్దిగా వచ్చింది మా మట్టిమిద్దె మీద. తొలకరికి ముందు మా అమ్మ మిద్దె మీద చౌడుమన్ను పరిపించేది. నీరు ఇంకకుండా ఆ మన్ను గట్టిపడేది. తట్టలు అందించడానికి నేను పైకెక్కి, పని అయ్యాక గవాచి, అంటే వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత, పక్కన గొంతుక్కూర్చొని ఊరు చూసేవాణ్ణి. గవాచిలోంచి కిందికి చూస్తే పొయ్యి దగ్గర అమ్మ చేతులు, వెలుతురు పడినంత మేర మాత్రమే, మోచేతులదాకా కనిపించేవి. తలెత్తితే వామిదొడ్లు, కళ్లాలు, ఊరి చెరువు. ఒకే చోట కూర్చొని రెండింటినీ చూసేవాణ్ణి. వాన మొదలైతే గవాచి మీదికి నాపబండ జరపమని కిందినుంచి కేక వచ్చేది. ఇప్పటికీ ఏదైనా ఊరి గురించి రాయబోతే ముందుగా నాకు ఆ బండ జరిగిన చప్పుడు వినబడుతుంది.

అయినా తప్పు చేశాను. నా తొలి కథల్లో ఒకదానిలో, ఊరి రచ్చకట్ట మీద కూర్చున్న ముసలాయన చెరువు మీద పొద్దు కుంకడం చూస్తున్నట్టు రాశాను. కథ అచ్చయ్యాక మా ఊరి గొర్రెల కాపరి ఒకాయన, చదువు రానివాడు, ఎవరో చదివి వినిపిస్తే విని నా దగ్గరికి వచ్చి, చెరువు ఊరికి తూర్పున గదా నాయనా అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కథలో మిగిలినదంతా ఆయన నమ్మలేదని నాకు అర్థమైంది. దిక్కు తప్పితే, దాని వెంట మనిషి తప్పుతాడు. కాబట్టి రాయబోయే ముందు ఊరి బొమ్మ ఒకటి కాగితం మీద స్వయంగా గీసుకో. ఉపగ్రహ చిత్రాన్ని తర్వాత పక్కన పెట్టి, ఎక్కడ తప్పావో చూసుకో. నీ జ్ఞాపకం ఏ ఇంటిని పెద్దది చేసిందో, ఏ దారిని మరిచిపోయిందో ఆ తేడాలోనే తెలుస్తుంది.

ఇక చిత్రం సంగతి. ఊరంతా ఎర్రగా ఎండిపోయి, చావుకళతో ఉందని రాశావు. ఆ చిత్రం తీసిన నెల చూశావా? వేసవిలో తీసిన చిత్రంలో మన చేలు అలాగే ఉంటాయి; అదే చేను వానలు పడిన ఏడాది కార్తీకంలో చూస్తే కంది పూతకు వచ్చి పచ్చగా ఉంటుంది. పైగా పక్కపక్క ముక్కలు వేరువేరు రోజులవి కావచ్చు. మనుషులు లేరని దిగులుపడ్డావు గదా, అందుకూ కారణం ఉంది. చిత్రాలు తీసే ఉపగ్రహాల్లో చాలా వరకు ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి. ఆ వేళకు మీ ఊరివాళ్లు చేలల్లో ఉంటారు. మంచి చిత్రంలో కూడా ఒక్కో చుక్క నేల మీద 30 సెంటీమీటర్ల మేర. నిలబడ్డ మనిషి పైనుంచి రెండు చుక్కల కంటే ఎక్కువ కాడు. ఆ చిత్రాల్లో సాయంత్రం ఉండదు, ఇంటికి తిరిగివచ్చే గొడ్ల దుమ్ము ఉండదు. అది తీసిన వేళ వల్ల వచ్చిన లోటు. దాన్ని ఊరి లోటుగా రాయవద్దు.

కంప్యూటరులో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత తేదీల చిత్రాలకు వెనక్కి వెళ్లే వీలుంది. 2009 నుంచి ఆ సదుపాయం ఉంది. అదే ఏడాది మన ఇస్రో అలాంటిదే భువన్ అనే పటాల సైటును తెచ్చింది. ఈ వెనక్కి వెళ్లడం ఎంత బరువైన పనో నాకు ఒకాయన వల్ల తెలిసింది. కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఆయన ఊరు. గండికోట జలాశయంలో నీరు పెంచినప్పుడు 2020లో ఆ ఊరు ఖాళీ చేయవలసి వచ్చింది. ఇప్పటి చిత్రంలో అక్కడ నీళ్లే కనిపిస్తాయి. ఆయన మనవడి కంప్యూటరు ముందు కూర్చొని పాత తేదీకి జరిపించి, తెర మీద వేలు పెట్టి, ఇది మా ఇల్లు, ఇది యాపమాను, ఈ నీడ మా నీళ్లతొట్టిది అని చూపించాడు. ఆ తర్వాత మనవడు కొత్త తేదీకి జరిపాడు. ఆయన వేలు తీయలేదు. నీళ్ల మీద అదే చోట చాలాసేపు ఉంచాడు. నేను దాని గురించి ఇంతవరకూ కథ రాయలేకపోయాను. నీ ఇల్లు నేల మీద ఉంది, నడిచి వెళ్లి తలుపు తట్టగలవు. ఆ భాగ్యం ఉన్నప్పుడే దాన్ని కొలిచి, అడిగి, రాసిపెట్టు.

అడగవలసింది ముందుగా పేర్లు. చిత్రంలో గెనిమలు, అంటే చేల గట్లు, కనిపిస్తాయి గానీ చేల పేర్లు కనిపించవు. మీ ఊళ్లో గుండ్లచేను, పుట్టచేను, వంకమడి అని పిలిచేవాళ్లు ఇంకా ఉంటారు. ఆ పిలుపులో నేల గుణమూ ఉంటుంది, ఒక్కోసారి తగాదా కూడా ఉంటుంది. సర్వే వారి గ్రామపటం, చేల కొలతలు గీసిన ఎఫ్ఎంబి పుస్తకం నకళ్లు సంపాదించు. పూడిపోయిన వంక కూడా పటంలో వంక పోరంబోకుగానే నిలిచి ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ రాయించిన కైఫీయత్తుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, మీ వైపు ఊళ్లవి ఉన్నాయేమో చూడు; మా కడప సి.పి. బ్రౌన్ కేంద్రం వాటిని అచ్చువేసింది. పొలిమేరలు, చెరువులు, గుళ్లు ఎలా చెప్పారో గమనించు. విశేషణాలు తక్కువ, దిక్కులు ఎక్కువ. ఆ గద్యాన్ని నేను ఇప్పటికీ పాఠంగా చదువుతాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పక్కింటివాళ్ల పెరట్లో పైకప్పు లేని దడి కనిపించిందనీ, అది స్నానాల గది అయి ఉంటుందనీ రాశావు. అది కొట్టెయ్యి. ఆకాశానికి కనిపించినంత మాత్రాన పాఠకుడికి చూపించే హక్కు మనకు రాదు.

సంక్రాంతికి ఊరికి వెళతానన్నావు గదా. భోగి మరునాడు సందడి ఎక్కువగా ఉంటుంది, కనుమ తర్వాత ఒక పూట పెట్టుకో. మీ జేజిని వెంటబెట్టుకొని ఆ సందులో ఈ కొసనుంచి ఆ కొసకు నడువు. ఆమె ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ పక్కకు తప్పుకొని నడుస్తుందో చూడు. ఆ తర్వాత మిద్దె ఎక్కి బొమ్మ గీయి. దిక్కులు గుర్తు పెట్టి, ఆ కాగితం వ్యాసం కంటే ముందుగా నాకు పంపించు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు