నోటితో సెక్స్ చేస్తే హెచ్‌ఐవీ సోకుతుందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సరిహద్దుకి అవతల ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్లు రాసిన ఉత్తరాలివి. అడిగినవాళ్ల పేర్లు తీసేశాం.

ప్రశ్న: సూరత్‌లో మరమగ్గం పని చేస్తాను. మాది చికిటి దగ్గర పల్లె. నాలుగు వారాల కిందట ఒకావిడ దగ్గరికి వెళ్లాను. నోటితో మాత్రమే చేసింది, కండోమ్ లేదు. ఆవిడ పాన్ నములుతుంది, నోరంతా ఎర్రగా ఉంది. అది పానో రక్తమో తెలీలేదు. ఇంటికొచ్చాక జ్వరం వచ్చి తగ్గింది. నా భార్య పక్కన పడుకోవాలంటే భయమేస్తోంది.

జవాబు: ముందుగా ఊపిరి పీల్చుకోండి. మీ అంగం ఒకరి నోట్లోకి వెళ్లినంత మాత్రాన మీకు హెచ్‌ఐవీ వచ్చే అవకాశం దాదాపు లేదు. ఈ వైరస్ రక్తంలో, వీర్యంలో, దానికి ముందు ఊరే జిగురులో, యోని, మలద్వారం లోపలి తడిలో, తల్లిపాలలో ఉంటుంది. లాలాజలం వల్ల ఇది సోకదు. పైగా లాలాజలంలోని కొన్ని పదార్థాలు వైరస్‌ని అడ్డుకుంటాయి. పాన్ ఎరుపు కాచుకీ సున్నానికీ పుట్టిన రంగు, దానితో హెచ్‌ఐవీ ప్రమాదమేమీ లేదు. ఆవిడ చిగుళ్ల నుంచి నిజంగానే రక్తం కారుతూ, అది మీ మూత్రనాళం చివరకో, అంగం మీది పుండుకో తగిలి, ఆవిడకి హెచ్‌ఐవీ ఉండి మందులు వాడకపోతేనే ఆలోచించాలి. ఇవన్నీ ఒకేసారి కలిసిరావడం చాలా అరుదు.

పోలికకి కొన్ని అంకెలు చెబుతాం. మందులు వాడని హెచ్‌ఐవీ మనిషితో కండోమ్ లేకుండా 10,000 సార్లు కలిస్తే, యోని ద్వారా అయితే మగవాడికి 4 సార్లు, ఆడమనిషికి 8 సార్లు సోకవచ్చని అంచనా. మలద్వారం ద్వారా అయితే చేసేవారికి 11, చేయించుకునేవారికి 138. నోటి విషయంలో ఇలా ఒక అంకె వేయలేదు, అంత తక్కువ. అయితే ఇవి సగటు లెక్కలే. పుండ్లున్నా, అవతలివారికి ఈమధ్యే సోకి ఉన్నా ప్రమాదం పెరుగుతుంది. ఆ రోజు నోటితోపాటు ఇంకేమైనా జరిగితే దాని లెక్క వేరు. ఆ సంగతి కౌన్సెలర్‌కి దాచకుండా చెప్పండి.

జ్వరాన్ని బట్టి హెచ్‌ఐవీ ఉందనీ లేదనీ ఎవరూ చెప్పలేరు. మన వైపు జ్వరమంటే ముందు మలేరియా పరీక్ష చేయించుకోవాలి, ఆలస్యం చేయొద్దు.

మనసు కుదుటపడాలంటే పరీక్ష ఒక్కటే దారి. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో) ఉచితం. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనూ ఉంది. ఒడియాలో ఈ మాటలు చెప్పుకోలేకపోతే శ్రీకాకుళం పెద్దాసుపత్రికైనా వెళ్లొచ్చు. మొదటి కిట్‌లో తేడా కనబడితే వేరే రకం కిట్లతో మరో రెండుసార్లు చూశాకే పాజిటివ్ అంటారు. 2017 నాటి చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. కానీ ఇవాళే వెళ్తే నెగిటివ్ వచ్చినా పూర్తిగా నమ్మలేం. ఈ కిట్లు శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను పట్టుకుంటాయి, అవి పుట్టడానికి వారాలు పడుతుంది. 6 వారాలకి ఒకసారి, 3 నెలలకి చివరిసారి చేయించుకోండి. మూడు నెలలకి నెగిటివ్ అంటే ఇక ఆ రోజు సంగతి మరిచిపోవచ్చు. 

మీరు అడగని సంగతి ఒకటి ఉంది, మీ విషయంలో అసలు చూసుకోవలసింది అదే. సెగ (గనేరియా), సవాయి (సిఫిలిస్) రోగాలు నోటి ద్వారా తేలిగ్గా అంటుకుంటాయి. మూత్రంలో మంట, చీము సాధారణంగా వారంలోపే కనబడతాయి. సవాయి పుండు మూడు వారాలకి అటూఇటూగా వస్తుంది, నొప్పి ఉండదు, మందు లేకుండానే మానిపోతుంది. అందుకే పోయిందనుకుంటారు, లోపల మాత్రం ముదురుతుంది. రక్తపరీక్షలో సిఫిలిస్ కూడా చూడమని నోరు తెరిచి అడగండి. ఈ పరీక్షలన్నీ తేలేదాకా భార్యతో కండోమ్ వాడండి. ఆమె పక్కన పడుకోవడానికీ, ఒకే కంచంలో తినడానికీ, ముద్దు పెట్టుకోవడానికీ భయం వద్దు.

ప్రశ్న: మా ఆయనకి హెచ్‌ఐవీ. రెండేళ్లుగా దాన్ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు వేసుకుంటున్నారు. నాకు లేదు. నోటితో చేస్తే నాకు వస్తుందా? నాకు గుడాకు (పొగాకు ముద్ద) తోముకునే అలవాటుంది. (బరంపురం)

జవాబు: ఆయన వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే పరీక్ష) కాగితం తీసి చూడండమ్మా. మిల్లీలీటరు రక్తంలో వైరస్ 200 కాపీల కంటే తక్కువుండి, మాత్రలు రోజూ తప్పకుండా వేసుకుంటుంటే సెక్స్ ద్వారా ఆయన నుంచి మీకు సోకదు, నోటితో అయినా మరోలా అయినా. ఈ పరీక్ష మందు మొదలుపెట్టిన 6 నెలలకి, 12 నెలలకి, తర్వాత ఏడాదికోసారి చేస్తారు. ఏడాది దాటితే అడిగి చేయించండి. పనికి వేరే ఊరు వెళ్లేటప్పుడు మాత్రలు మధ్యలో ఆగితే ఈ భరోసా పోతుంది. బయల్దేరకముందే ఏఆర్‌టీ కేంద్రంలో చెబితే అక్కడికి బదిలీ రాసిస్తారు.

కాగితం చేతికొచ్చేదాకా కండోమ్ పెట్టుకోమనండి. నోటితో చేసేవారికి, చేయించుకునేవారికంటే కాస్త ఎక్కువ ప్రమాదం, ముఖ్యంగా వీర్యం నోట్లో పడితే. గుడాకు చిగుళ్లని ఒరిపిస్తుంది, పుండ్లు చేస్తుంది. అద్దంలో చూసుకోండి, ఉమ్మిలో ఎర్రజీర కనిపిస్తే ఆ రోజు వద్దు. దానికి కాసేపు ముందూ వెంటనే తర్వాతా పళ్లు తోమకండి, నీళ్లతో పుక్కిలిస్తే చాలు. గుడాకు మానితే మీ నోటికే మేలు, కేన్సర్ ముప్పూ తగ్గుతుంది.

ఆయన మీకు నోటితో చేసేటప్పుడు అడ్డు పెట్టుకోవాలంటే కొత్త కండోమ్ విప్పి, మూసి ఉన్న కొసనీ, ఇవతలి రబ్బరు రింగునీ కత్తిరించి, నిలువుగా ఒక్క గాటు పెడితే చదరపు పొర వస్తుంది. అదే పరచుకోవాలి. ఒకవైపు వాడింది తిరగేసి మళ్లీ వాడొద్దు. కొబ్బరినూనె రాస్తే రబ్బరు నీరసించి చిరుగుతుంది.

ప్రశ్న: మేమిద్దరం మగవాళ్లం. చేతులతో, తొడల మధ్య రుద్దుకుంటాం, అంతే. పరీక్ష అవసరమా? (పర్లాకిమిడి)

జవాబు: ఆ పనుల వల్ల హెచ్‌ఐవీ రాదు. వీర్యం చేతి మీదో తొడ మీదో పడితే బాగున్న చర్మం దాన్ని లోపలికి రానివ్వదు. మలద్వారం మీద పడకుండా చూసుకోండి. సవాయి, హెర్పిస్, పులిపిర్లు మాత్రం చర్మం రాసుకున్నా అంటుకోగలవు, పుండు కనిపిస్తే ఆగండి.

ఎప్పుడైనా మలద్వారం దాకా వెళ్లి కండోమ్ చిరిగితే, తెల్లారనిద్దాం అనుకోకండి. 72 గంటలలోపు, వీలైతే మొదటి కొద్ది గంటల్లోనే ఏఆర్‌టీ కేంద్రానికో, పెద్దాసుపత్రి క్యాజువాలిటీకో వెళ్లి హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పీఈపీ మందు అడగండి. డాక్టరు ప్రమాదం అంచనా వేసి ఇస్తారు. టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర రోజుకొకటి, 28 రోజులు వేసుకోవాలి. చాలామంది వారం రోజులకి బాగానే ఉందని మానేస్తారు, అలా చేస్తే మందు పని చేయకపోవచ్చు. మొహమాటంగా ఉంటే ముందు 1097కి ఫోన్ చేయండి, డబ్బు పడదు.

ప్రశ్న: నా చేత్తో ఆమెకి చేశాను. వేలికి గోరు పక్కన చర్మం లేచి ఉంది. (రాయగడ)

జవాబు: రక్తం కారుతూ ఉన్న తాజా కోత కాకపోతే దిగులు వద్దు. ఆరిన గీత, లేచిన చర్మం దారి ఇవ్వవు. తెగి ఉన్నప్పుడు వేలికి కండోమ్ తొడగండి. గోళ్లు కత్తిరించి అంచులు నునుపు చేసుకోండి, ఆమె లోపల గీరుకోకుండా ఉంటుంది. వీర్యం అంటిన వేలితో మాత్రం ఆమె యోనిని తాకొద్దు, గర్భం వచ్చే అవకాశం కొంచెమైనా ఉంటుంది.