ఊదా, పసుపు పెటునియాలను కలిపి నారింజ రంగులో వేలాడే కొత్త రకం ఇంట్లో తయారు చేయవచ్చా?

మీరు అడిగినవి మూడు సంగతులు. ఊదా రంగు వేలాడే పెటునియాకు పసుపు పెటునియా పుప్పొడి పెడితే నారింజ వస్తుందా? కొన్న మొక్క నుంచి విత్తనాలు తీసి వేస్తే తల్లికి పోలికే లేని మొక్కలు ఎందుకు వచ్చాయి? ఇంటి దగ్గర కొత్త రకం తయారు చేసి దానికి సొంత పేరు పెట్టుకోవడం అయ్యే పనేనా?

ఆరేళ్లుగా నేను ఇదే పని మీద ఉన్నాను. వందల మొక్కలు పెంచితే ఇప్పటికి మిగిలింది ఒక్కటి. కాబట్టి విజయగాథగా కాక, చేసిన తప్పుల చిట్టాగా చదవండి. అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ పనిలోకి దిగినవాళ్లంతా పువ్వు రంగు వెంట పడతారు. వేలాడే మొక్కకు పరీక్ష రంగులో ఉండదు, కుండీ నడినెత్తిలో ఉంటుంది. ఎందుకో తరువాత వస్తుంది.

ముందు నారింజ సంగతి. మీరు అనుకున్న దారిలో రాదు. పెయింటు డబ్బాల్లో కూడా ఊదా, పసుపు కలిస్తే మట్టిరంగే కదా, పూలలోనూ దాదాపు అంతే. పెటునియాలో ఊదా, గులాబీ రంగులు ఆంథోసయనిన్లు అనే వర్ణకాల వల్ల వస్తాయి. పసుపు కెరోటినాయిడ్లు అనే వేరే వర్ణకాల వల్ల వస్తుంది. ఇటుక రంగుకు, నిండు నారింజకు కావలసిన పెలార్గోనిడిన్ అనే వర్ణకాన్ని పెటునియా మామూలుగా తయారు చేసుకోలేదు, ఎందుకంటే దానికి కావలసిన ముడిపదార్థాన్ని ఈ మొక్కలోని ఎంజైము ముట్టుకోదు. 1987లో జర్మనీలోని కొలోన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు మొక్కజొన్న జన్యువును చొప్పించి ఆ అడ్డంకిని దాటారు, ఇటుక రంగు పెటునియా పూసింది. అది ప్రయోగశాల మొక్క. కానీ 2015లో హెల్సింకి రైల్వే స్టేషన్ దగ్గర తొట్లలో నారింజ పెటునియాలు ఒక శాస్త్రవేత్త కంట పడ్డాయి. అనుమానం వచ్చి పరీక్షిస్తే మొక్కజొన్న జన్యువే బయటపడింది. 2017లో ఐరోపాలోనూ అమెరికాలోనూ ఎన్నో నారింజ రకాలను మార్కెట్ నుంచి తీసి నాశనం చేశారు. నారింజ తప్పనిసరి అనుకుంటే కాలిబ్రకోవాలో ప్రయత్నించండి. అందులో నారింజ ఛాయలు సహజంగానే ఉన్నాయి. చూడటానికి చిన్న పెటునియాలా ఉంటుంది కానీ క్రోమోజోములు 18, పెటునియాకు 14. అందుకే ఆ రెండింటినీ ఇంట్లో కలపాలని చూస్తే కాయ నిలవదు. పెద్ద సంస్థలు లేత పిండాన్ని బయటికి తీసి గాజుపాత్రలో పెంచి ఆ సంకరాన్ని సాధించాయి. పైగా కాలిబ్రకోవా సాధారణంగా తన పుప్పొడిని తానే ఒప్పుకోదు, రెండు వేరు మొక్కలు ఉండాల్సిందే.

రెండో సంగతి. ‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అంటారు. కొన్న పెటునియా విషయంలో ఆ సామెత పనిచేయదు, నిజంగానే వేరొకటి మొలుస్తుంది. అంగట్లో దొరికేది ఎక్కువగా సంకరమే, లేదా కాడ ముక్కలతో పెంచిన మొక్క. దానిలో జత జన్యువులు ఒకదానికొకటి భిన్నంగా ఉంటాయి, విత్తనంలో అవి విడిపోయి మళ్లీ కొత్తగా జత కడతాయి. మీకు నిరాశగా అనిపించింది కానీ రకాలు తయారు చేసేవాళ్లకు ముడిసరుకు అదే. మనం కొనే రెండు మొక్కలూ సంకరాలే కాబట్టి, వాటిని కలిపితే పాఠ్యపుస్తకంలో చెప్పినట్టు మొదటి తరం అంతా ఒక్కలా ఉండదు. నా మొదటి తరంలో 24 మొక్కలు పెంచితే ఏ రెండూ ఒకేలా లేవు.

నేను ఏం కలిపానో చెబుతాను. తల్లి ముదురు ఊదా రంగు వేలాడే పెటునియా. తండ్రి పొట్టిగా, గుబురుగా పెరిగే తెల్లది, చీకటి పడ్డాక సువాసన వస్తుంది. తోట పెటునియాలన్నిటికీ మూలం దక్షిణ అమెరికాలోని రెండు జాతులు. ఒకటి తెల్లది, రాత్రి తిరిగే చిమటల కోసం సాయంత్రం నుంచి వాసన వెదజల్లుతుంది. రెండోది ఊదా రంగుది, పగటి తేనెటీగలది. మొదటి పేరు పెటునియా ఆక్సిలారిస్, రెండోది పెటునియా ఇంటెగ్రిఫోలియా. నా కోరిక చిన్నదే: వేలాడాలి, లేత రంగు ఉండాలి, రాత్రి వాసన రావాలి. తెలియక మొదటి ఏడు మధ్యాహ్నం పూట ముక్కు పెట్టి చూసి, వాసన లేదని మంచి మొక్కలు కొన్నింటిని పీకి పారేశాను. తరువాత టార్చి పట్టుకుని రాత్రి తొమ్మిదింటికి వరుసగా ఒక్కో పువ్వు దగ్గర వంగడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఆ దృశ్యం తలచుకుని నవ్వుతారు.

కలిపే పని వేళ్లతో తేలికే, సమయంతోనే కష్టం. మర్నాడు విచ్చుకునే మొగ్గను పట్టుకోవాలి. రంగు పూర్తిగా తేలి, రేకులు ఇంకా గొడుగులా ముడుచుకుని ఉంటాయి. గొట్టాన్ని సన్నని పట్టకారుతో పొడవునా చీల్చి తీసేయండి. లోపల ఐదు కేసరాలు ఉంటాయి. వాటి తలలు ఇంకా పచ్చిగా, నున్నగా, మూసి ఉండాలి. ఒక్కటి పగిలి పొడి కనిపించినా ఆ మొగ్గను వదిలేయండి. ఐదూ తుంచేశాక మధ్యలో పుప్పొడిని అందుకునే కీలాగ్రం ఒక్కటే గుండుసూది తలలా నిలబడుతుంది. మర్నాడు ఉదయానికి దాని మీద తేనె పూసినట్టు జిగురు మెరుస్తుంది. అప్పుడు తండ్రి పువ్వు నుంచి పగిలిన కేసరాన్ని తెచ్చి దాని మీద అద్దండి. కుంచె వాడవద్దంటాను, వెంట్రుకల మధ్య పాత పుప్పొడి దాగి ఉండి లెక్క తప్పిస్తుంది. రేకులు తీసేసిన పువ్వు మీద తేనెటీగలు పెద్దగా వాలవు, అయినా అల్యూమినియం ఫాయిల్‌తో చిన్న టోపీ పెడితే నిశ్చింత. తొడిమకు రంగు దారం కట్టి, తేదీతో, తల్లిదండ్రుల పేర్లతో చీటీ వేయండి. గుర్తుంటుందిలే అనుకున్న ఏ సంకరమూ నాకు గుర్తుండలేదు.

నెల, నెలన్నర లోపు కాయ కొన వైపు నుంచి గోధుమ రంగుకు తిరిగి పగులుతుంది. పగిలే ముందే కోసి కాగితం పొట్లంలో పెట్టండి. విత్తనం ధూళిలా ఉంటుంది, గ్రాముకు దాదాపు పది వేలు. ఒక కాయ మొత్తాన్ని తెల్ల కాగితం మీద దులిపి చూస్తుండగా నాకు తుమ్ము వచ్చింది. ఆ సంకరం గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. విత్తాక మట్టి కప్పవద్దు, మొలకెత్తడానికి వెలుతురు కావాలి. 22 నుంచి 24 డిగ్రీల దగ్గర వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. పువ్వుకు మరో రెండున్నర నెలలు.

ఇక ఎన్ని మొక్కలు పెంచాలి అన్న ప్రశ్న. మొదటి తరంలో నచ్చిన మొక్కకు దాని పుప్పొడే పెట్టి రెండో తరం తీస్తాం. మీరు కోరుకునేది అంతర్గత లక్షణమైతే, అంటే జత జన్యువులు రెండూ ఆ రకానివే అయితేనే కనిపించేదైతే, అక్కడ నాలుగింట ఒక మొక్కలో బయటపడుతుంది. రెండు అంతర్గత లక్షణాలు ఒకే మొక్కలో కావాలంటే 16లో ఒకటి, మూడైతే 64లో ఒకటి. అలాగని 16 మొక్కలు పెంచితే చాలదు. ఒక్కటైనా దొరుకుతుందని 95 శాతం ధీమా ఉండాలంటే రెండు లక్షణాలకు 47, మూడింటికి 191 మొక్కలు పెంచాలి. వాసన, పాకే గుణం లాంటివి ఒక్క జన్యువుతో తేలేవి కావు కనుక ఈ లెక్క కనీసం మాత్రమే. నేను రెండో తరంలో 200 మొక్కలు పెట్టాను. చోటు లేనివాళ్లు కోరికలు తగ్గించుకోవడమే మార్గం.

ఇప్పుడు నా పెద్ద తప్పు. ఆ 200 మొక్కలనూ చిన్న కుండీల్లో బల్ల మీద పరిచి, మొదటి పువ్వు చూసి ఆరింటిని ఎంచుకున్నాను. కాకి పిల్ల కాకికి ముద్దు, ఆరూ అద్భుతమనిపించాయి. మరుసటి ఏడు వాటి కాడ ముక్కలను పెంచి వేలాడదీశాను. రెండు నెలలు కన్నుల పండుగ. మూడో నెల వచ్చేసరికి ఆరింటిలో ఐదింటికి నడినెత్తి బట్టతల అయింది. పొడవాటి కాడలు అంచు దాటి జారిపోయాయి, వాటి చివర మాత్రం నాలుగు పూలు, పైన ఎండిన ఆకులు, మధ్యలో మట్టి. ఆరోది నిండుగానే ఉంది కానీ వాసన లేదు. మంచి వేలాడే రకం మొదలు దగ్గర నుంచి కొమ్మలు వేస్తూనే ఉంటుంది, కణుపుల మధ్య దూరం తక్కువగా ఉంటుంది, పాత కొమ్మ జారిపోతే దాని చోటులోకి కొత్తది వస్తుంది. బల్ల మీద ఇవేవీ కనిపించవు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. అరచేతి వెడల్పు కుండీలను ఎత్తయిన పలక అంచున వరుసగా పెట్టి కాడలను కిందికి జారనిస్తాను. మొదటి రెండు నెలలు పూలను అసలు లెక్కలోకి తీసుకోను. నాలుగో నెలలో పై నుంచి చూస్తూ కుండీ మట్టి కనిపించిన ప్రతి మొక్కనూ తీసేస్తాను, పువ్వు ఎంత బాగున్నా సరే. ఒక పెద్ద వాన పడ్డ మర్నాడు మళ్లీ చూస్తాను. పెద్ద పూలు తడిసిన కాగితంలా అతుక్కుపోతాయి, చిన్న పూలు మధ్యాహ్నానికి తేరుకుంటాయి. పోల్చే మొక్కలన్నిటినీ ఒకే రోజు విత్తండి. పగటి పొడవును బట్టి పెటునియా కొమ్మలు వేసే తీరే మారుతుంది, వేరువేరు కాలాల్లో విత్తినవాటిని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు.

నాలుగో ఏడు ఒక మొక్క ఊదా రేకుల మీద తెల్లని చారలు చూపించింది. ఒక్కో పువ్వులో ఒక్కో తీరు. కొత్త రకం దొరికిందని పొంగిపోయి అదే కత్తెరతో దాని కాడలు కోసి, పక్క మొక్కలవీ కోశాను. మూడు వారాలకు ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు వచ్చాయి, అంచులు ముడతలు పడ్డాయి. పొగాకు మొజాయిక్ వైరస్ లక్షణాలు. పదిహేడో శతాబ్దంలో హాలండ్‌లో ఎగబడి కొన్న చారల తులిప్‌ల అందం కూడా వైరస్ చలవే, ఆ మాట చదివి ఉండి కూడా నా తొట్టెలో గుర్తుపట్టలేకపోయాను. ఆ ఏడాది వరుస మొత్తం పీకేశాను. ఇప్పుడు మొక్క మొక్కకూ మధ్య కత్తెరను కొవ్వు తీసిన పాలపొడి కలిపిన నీళ్లలో ముంచుతాను, ఆ ద్రావణం ఈ వైరస్‌ను బలహీనపరుస్తుంది. పొగాకు ముట్టినవాళ్లు సబ్బుతో చేతులు కడగకుండా మొక్కలను తాకకూడదు.

తెల్లని గీతలన్నీ రోగమే అనుకోకండి. రేకుల మధ్య నుంచి నక్షత్రంలా పద్ధతిగా వచ్చే తెలుపు వేరు. రంగు తయారీ జన్యువు కొన్ని చోట్ల తనంతట తానే మూగబోవడం వల్ల అది వస్తుంది. 1990లో ఊదాను ఇంకా ముదురు చేయాలని అదే జన్యువును అదనంగా చొప్పిస్తే పెటునియా పూలు తెల్లగా పూశాయి. జన్యువులను మూగబుచ్చే యంత్రాంగం గురించిన ఆలోచనకు అదొక మొదటి ఆధారమైంది. అయితే నక్షత్రం వెడల్పు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, ఒక్క నెల చూసి ఇదే నా రకం అని ప్రకటించకండి.

అదృష్టం ఏమిటంటే రెండో తరం విత్తనం కొంత గాలి చొరని సీసాలో, చల్లని చోట దాచి ఉంచాను. ఐదో ఏడు మళ్లీ విత్తితే 41వ నంబరు దొరికింది. లేత ఊదా, గొంతు దగ్గర ముదురు ఈనెలు, రాత్రి వాసన ఉంది కానీ తండ్రిలో ఉన్నంత లేదు. దాన్ని కాడ ముక్కలతోనే పెంచుతున్నాను. మీరు కూడా అదే చేయండి. విత్తనంతో నిలకడగా వచ్చే రకం కావాలంటే తరం తరానికీ స్వపరాగ సంపర్కం, అంటే మొక్కకు దాని పుప్పొడే పెట్టడం, చేస్తూ పోవాలి. జన్యువుల్లోని తేడా ప్రతిసారీ సగమవుతుంది, ఆరో తరానికి మూడు శాతం దాకా దిగుతుంది. ఏడాదికి రెండు తరాలు లాగినా మూడేళ్లు. 1989లో జపాన్‌లో సుంటోరీ కంపెనీ తెచ్చిన సర్ఫినియా అనే వేలాడే పెటునియా కాడ ముక్కల దారిలోనే వచ్చింది. 1995లో కొత్త తోట రకాలకు అమెరికాలో ఇచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతి అందుకున్న పర్పుల్ వేవ్ పెటునియా మాత్రం విత్తనంతో వచ్చేది, దాని వెనుక ఉన్నది కిరిన్. ఒకటి విస్కీ కంపెనీ, ఇంకోటి బీరు కంపెనీ, పూలలో పోటీ ఎందుకు పెట్టుకున్నాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పేరు పెట్టుకోవచ్చు. 1959 నుంచి పెట్టే రకం పేర్లు లాటిన్‌లో ఉండకూడదు, మీ భాషలో పెట్టుకోండి. హక్కులు కావాలంటే మాత్రం అది వేరే వ్యవహారం. కొత్త మొక్క రకాల హక్కుల కోసం 1961లో కుదిరిన యుపోవ్ అనే అంతర్జాతీయ ఒప్పందాన్ని అనుసరించే దేశాల్లో రకం ఇతర రకాల కంటే స్పష్టంగా వేరుగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరాలు గడిచినా మారకూడదు. సొంత దేశంలో అమ్మకం మొదలై ఏడాది దాటితే కొత్తది కాదంటారు, అందుకే దరఖాస్తు ఆలోచన ఉంటే అమ్మకం విషయంలో తొందరపడకండి. మీరు కొన్న మొక్క చీటీ మీద కాడలతో పెంచరాదని ఉంటే దాన్ని పాటించండి. యుపోవ్ నియమాల ప్రకారం దాన్ని సంకరానికి తల్లిగానో తండ్రిగానో వాడుకోవడం వేరు, దానికి సాధారణంగా అడ్డు ఉండదు. పేటెంటు ఉన్నచోట మాత్రం అక్కడి చట్టం చూసుకోండి.

నా మొక్క చీటీ మీద ఇంకా 41 అనే ఉంది. ఈ ఏడాది మూడు కుండీల్లో వేలాడదీశాను. రెండింటిలో నడినెత్తి నిండుగా ఉంది, మూడోదానిలో నిన్న పై నుంచి చూస్తే బొటనవేలంత మట్టి కనిపించింది.